హన్మాండ్లన్న ఏకగ్రీవం

మా హన్మాండ్లన్నకు ఓటింగ్ పెట్టకుండా ముద్ద దిగదు.

ఆర్మూరు దగ్గర ఊళ్లో ఐదేళ్లు వార్డు మెంబరు. రెండోసారి తొమ్మిది ఓట్లతో ఓడి, దుబాయ్ వచ్చి సుతారి పనిలో, అంటే తాపీ పనిలో చేరాడు. పదవి పోయింది గానీ సభ పోలేదు. సోనాపూర్ క్యాంపులో మా రూములో తనతో కలిపి ఉన్న ఎనిమిదిమందినీ సభ్యుల్ని చేసేశాడు. కూరలో కారమెంత, ఏసీ ఎంత మీద పెట్టాలి, సబ్బు ఎవరు తేవాలి, అన్నిటికీ గంటెతో గిన్నె మీద కొట్టి సభ మొదలుపెట్టేవాడు.

పొద్దున్నే బస్సు డ్రైవర్ నూర్ మొహమ్మద్ "యల్లా, యల్లా" అని హారన్ కొడుతుంటే, అన్న కిటికీలోంచి "ఠైరో భాయ్, ఓటింగ్ చల్ రహా" అని జవాబిచ్చేవాడు. ఒకరోజు చర్చ, ముందు స్నానం ఎవరిదని. తీర్మానం నెగ్గింది. స్నానం మాత్రం ఎవ్వరికీ దొరకలేదు.

2020 వేసవిలో మా రూములో లింబాద్రికి కరోనా వచ్చింది. క్వారంటైన్‌కు తీసుకుపోయారు. పద్దెనిమిది రోజులకు నెగెటివ్ కాగితం పట్టుకొని వచ్చి, సంచితో గుమ్మం బయటే నిలబడ్డాడు.

"కాగితం సంగతి నాకెర్క లేదు. ఇంకో రూముకు పొమ్మను" అన్నాడు రాజమౌళి.

ఇంకో రూము ఎక్కడుంది? అతణ్ని చూడగానే అందరూ తలుపులేసుకున్నారు. మేం నేలచూపులు చూశాం.

హన్మాండ్లన్న గిన్నె కొట్టాడు. "రహస్య ఓటు. రావాలంటె ఒక్క పుట్నాల బద్ద, వద్దంటె ఒక్క పల్లిగింజ. పిడికిట్ల పట్టుకొని గీ డబ్బల ఎయ్యుండ్రి."

ఏడుగురం వేశాం. అన్న డబ్బాలోకి తొంగిచూసి, గొంతు సవరించుకొని, "ఏడుకు ఏడు పుట్నాలు. ఏకగ్రీవం" అని ప్రకటించాడు. వెంటనే డబ్బా ఎత్తి మొత్తం నోట్లో పోసుకున్నాడు.

కాసేపటికి రాజమౌళి లేచి వెళ్లి లింబాద్రి చేతిలో సంచి అందుకున్నాడు. "నా కింది మంచం తీస్కో. పైకెక్కే బలం యాడున్నది నీకు" అన్నాడు, ఎటో చూస్తూ. లింబాద్రి తల ఊపాడు.

మర్నాడు సైటులో అన్నను పట్టుకున్నాను.

"అన్నా, నేను పల్లి ఏసిన."

"ఎర్కే అంజీ. అయిదు పల్లీలుండె."

"మరి నువ్వే గిట్ల దొంగలెక్క చెప్తివి?"

"నిజం చెప్తె వాడు యాడికి పోతుండె?" అన్నాడు అన్న, ఇటుక మీద సిమెంటు పరుస్తూ. తర్వాత చెవి దగ్గరికి వచ్చి అన్నాడు: "పల్లీలల్ల జెర ఉప్పెక్కువైంది. ఈసారి మంచివి తేవాలె."