మాట్లాడటం అయిందా అండీ?

మా అమ్మది మాట్లాడే ఉద్యోగం. ఇంట్లో మాత్రం అవసరమైతే తప్ప నోరు విప్పేది కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై మూడేళ్లు ఆపరేటరుగా చేసింది. వీధిలో అందరికీ ఆమె "హలో అక్క". నేను "హలో అక్క కూతురు". ఆ మాటకి చిన్నప్పుడు కనీసం ఇద్దరి జుట్టు పట్టుకున్నాను.

ఆ పని గురించి ఇప్పటివాళ్లకి కాస్త చెప్పాలి. గోడంత బోర్డు, దాని నిండా చిల్లులు, ఒక్కో చిల్లు ఒక్కో ఫోనుకి. ఎవరైనా ఫోనెత్తితే వాళ్ల చిల్లు మీద చిన్న దీపం వెలుగుతుంది. తీగ ఒక కొస అక్కడ, రెండో కొస వాళ్లడిగిన చోట గుచ్చితే మాట కలుస్తుంది. తీసే ముందు "మాట్లాడటం అయిందా అండీ?" అని అడగాలి. అడగకుండా లాగేసేవాళ్లూ ఉండేవాళ్లు. అమ్మ ఎన్నడూ అలా చేయలేదు. ఆఖరికి నా ముందు నుంచి కంచం తీసేటప్పుడు కూడా "అయిందా?" అని అడిగేది.

పరాయి పాలకులు వెళ్లిపోయి జెండా మారిన రోజుకి అమ్మ ఉద్యోగంలో చేరి ఆరు వారాలు. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఆ పొద్దున బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారే వెలిగాయట. ఊరంతా ఊరంతటికీ ఫోను చేసింది గానీ చెప్పుకోడానికి ఎవరి దగ్గరా పెద్దగా ఏమీ లేదు.

"జెండా మారిందట!"

"మాకూ మారింది!"

"సరే మరి!"

"సరే!"

అయినా పెట్టెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. అమ్మ "అయిందా అండీ?" అని అడిగితే, ఒక పెద్దాయన ఏడుస్తూ, "ఇప్పుడేగా తల్లీ మొదలైంది" అన్నాడట. అమ్మ ఆ తీగని గంటసేపు ముట్టుకోలేదు. ఆ మాట ఒక్కటి మాత్రం నాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

పన్నెండేళ్ల తర్వాత వచ్చిన రోజు గురించి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ ఉదయం సైన్యం ప్రభుత్వాన్ని దించేసింది. అప్పుడు నేను అమ్మ కడుపులో ఏడో నెల, అంటే ఆ డ్యూటీలో నేనూ ఉన్నట్టే. అమ్మకి ఒక్కడే తమ్ముడు. మా మావయ్య రేవు పట్టణంలో పత్రికకి రాసేవాడు, సైన్యాధికారులకి గిట్టని రాతలన్నీ ఆయనవే. అమ్మమ్మకి ఒంట్లో బాగుండక, ఆయన రోజూ తొమ్మిదింటికి మా ఇంటి కింద మందుల షాపుకి ట్రంకు కాల్ చేసేవాడు. అమ్మమ్మ మెట్లు దిగి వచ్చి మాట్లాడేది. ఆ రోజు కూడా మాట్లాడుతూ ఉండగా ఆ కాల్ మధ్యలో తెగిపోయింది. మావయ్యకి అనుమానం వచ్చి వాకబు చేస్తే సైన్యం సంగతి తెలిసింది. అటునుంచి అటే సరిహద్దు దాటేశాడు. నాలుగు నెలలకి అమ్మమ్మ పోయింది. కొడుకు గొంతు మళ్లీ వినలేదు.

సైన్యం తొమ్మిదేళ్లు ఉంది. ఎన్నికలొచ్చాయి, మావయ్య తిరిగొచ్చాడు. గుమ్మంలో ఎదురెళ్లిన అమ్మని చూసి ఆయనన్న మొదటి మాట నాకు బాగా గుర్తు.

"ఆ రోజు డ్యూటీలో ఉంది నువ్వేగా? తీగ తీసింది నువ్వేనా?"

"నేనేరా."

"ఊళ్లో ప్రతివాడినీ అయిందా అని అడుగుతావు. నన్నొక్కణ్ణే అడగలేదు. అమ్మతో నా ఆఖరి మాట అది."

అమ్మ ఆయన పెట్టె అందుకుని లోపలికి నడిచింది. మావయ్య రెండు వీధుల అవతల చిన్న ప్రెస్సు పెట్టుకున్నాడు. పండూ ఫలమూ పంపేవాడు, నాకు జ్వరమొస్తే డాక్టరుని వెంటబెట్టుకొచ్చేవాడు. అమ్మతో మాత్రం మాట లేదు. "మీ అమ్మకి చెప్పు" అని ఆయన, "మావయ్యతో చెప్పు" అని అమ్మ. పన్నెండేళ్లు వాళ్లిద్దరి మధ్యా తీగని నేనే. విసుగెత్తి ఒకసారి ఇద్దరినీ కలిపి తిట్టాను. ఇద్దరూ విడివిడిగా నవ్వారు.

తర్వాత దేశంలో వచ్చిన మార్పుకి ఊరేగింపులేమీ జరగలేదు. నంబరు తిప్పితే దానంతటదే కలిసే యంత్రాలు వచ్చాయి. పాత బోర్డుకి ఆఖరి రోజు అమ్మని చూద్దామని వెళ్లాను. బోర్డు దగ్గర ఇద్దరికే పని. ఆ రెండో ఆమె, ఏళ్ల తరబడి అమ్మ పక్క సీట్లో కూర్చున్న పిన్ని, నన్ను క్యాంటీనుకి తీసుకెళ్లి టీ ఇప్పించింది. ఉన్నట్టుండి, "మీ మావయ్య ఇంకా మాట్లాడట్లేదా?" అంది.

"లేదు పిన్నీ."

"ఇంక నావల్ల కాదమ్మా. మీ అమ్మ నీ మీద ఒట్టు వేయించుకుంది. రేపటి నుంచి ఆ బోర్డే ఉండదు, ఒట్టు మాత్రం దేనికి?"

ఆమె చెప్పింది ఇదీ. ఆ ఉదయం సైన్యాధికారి ఒకడు వెనక నిలబడి అన్ని తీగలూ పీకెయ్యమన్నాడు. చుట్టూ అందరూ పీకేస్తున్నారు. అమ్మ తీగలో మావయ్య, "అమ్మా, సాయంత్రం బండికి వచ్చేస్తున్నా" అంటున్నాడు. అమ్మ ముందున్న మీటని మందుల షాపు వైపుకి నొక్కింది. అలా నొక్కితే ఆ ఒక్కరికే వినిపిస్తుంది. "మాట్లాడటం అయిందా అండీ?" అని అడిగింది. షాపులో అమ్మమ్మ పక్కనే ఇద్దరు సైనికులు నిలబడి ఉన్నారు, కొడుకు కోసమే వచ్చారు. అమ్మమ్మ కూతురి గొంతు గుర్తుపట్టింది. ఎవరో పరాయి ఆపరేటరుతో అన్నట్టుగా, "అయిందమ్మా. తీసెయ్యి" అంది.

"మరి మావయ్యకి చెప్పదేం?" అన్నాను. కళ్లనీళ్లతో పాటు కోపం కూడా తన్నుకొచ్చింది.

"నేనూ అదే అడిగాను. 'వాడి కోసం అమ్మే తీసెయ్యమందని తెలిస్తే వాడు బతికినన్నాళ్లూ ఏడుస్తాడు. నేను తీశాననుకుంటే తిడతాడు. తిట్టనీ' అంది."

టీ అక్కడే వదిలేసి ప్రెస్సుకి పరిగెత్తాను. మావయ్య ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తర్వాత ఫోనెత్తాడు. పిన్ని ఇంకా క్యాంటీనులోనే ఉంది కాబట్టి ఎత్తేది ఎవరో నాకు తెలుసు.

"నంబరు చెప్పండి" అంది అమ్మ. పక్కనున్న నాక్కూడా వినిపించింది.

"నంబరు లేదక్కా."

"డ్యూటీలో ఉన్నానురా" అంది అమ్మ.

"తెలుసు. ఒక్కటి చెప్పు. ఆ రోజు అమ్మ గొంతు ఎలా ఉంది?"

"బాగానే ఉంది. దగ్గు కూడా రాలేదు."

"భయపడిందా?"

"లేదు. సంతలో బేరం తెంపినట్టు అనేసింది. మనమ్మ కదా."

మావయ్య నవ్వబోయి ఏడ్చేశాడు. రిసీవరు చెవికి ఆనించుకుని, గోడవైపు తిరిగి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అవతల అమ్మ వింటూ ఉండిపోయింది. ఎంతసేపటికీ మాట వినిపించకపోయేసరికి, ముప్పై మూడేళ్ల అలవాటు కదా, మెల్లగా అడిగింది.

"మాట్లాడటం అయిందా అండీ?"

"కాలేదక్కా. తియ్యకు."

ఆ ఎక్స్ఛేంజి నాలుగింటికి మూసెయ్యాలని ఆర్డరు. నాలుగున్నరకి మూశారు.