చింతపండు గంపతో నది కింద నుంచి కాళీఘాట్‌కి

కలకత్తాలో స్థిరపడిన మా అక్క కూతురు లావణ్య పెళ్ళి అక్కడే కుదిరింది. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసింది మేనమామ, అంటే నేను. ముహూర్తం రాత్రి ఎనిమిదిన్నరకి. నెల ముందే ఆ పిల్ల ఫోన్ చేసి, "ఇక్కడ అద్దెకిచ్చే పువ్వుల గంప నాకొద్దు మావయ్యా. మన కొట్టులో సింతపండు గంప తే. నువ్వొచ్చి ఎత్తితేనే లేస్తాను, నేకపోతే లేవను" అంది. ఒడిశా రాయగడలో మాది టోకు కిరాణా. మా బావ మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో పనిచేసే రోజుల్లో అక్క జబ్బుపడితే, లావణ్య రెండేళ్ళు మా ఇంట్లోనే పెరిగింది. రోజూ కొట్టు కట్టేసే ముందు దాన్ని చింతపండు గంపలో కూర్చోబెట్టి కాటా మీదికి ఎక్కించేవాడిని. "ఎంత తూగేను మావయ్యా?" అని అడిగేది. "బరువు తక్కువ, అల్లరెక్కువ" అనేవాడిని. అలాంటి పిల్ల అడిగితే కాదంటానా?

మా దగ్గర్లోని కల్యాణసింగ్‌పూర్ వెళ్ళి, మాకు ఏటా గంపలు అల్లే అతనికే పని చెప్పాను. కొలత అడిగితే నోటికి అలవాటైన మాట వచ్చేసింది: మా కొట్టు కొలతే. మా కొట్టు కొలతంటే చింతపండు బస్తాలు బస్తాలే దిమ్మరించేంత వెడల్పు. గంప ఇంటికొచ్చాక చూస్తే వీధి గుమ్మంలోంచి అడ్డంగా తిప్పితే గానీ లోపలికి రాలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది. కొత్త గంప ఖాళీగా ఊరు దాటకూడదని మా అమ్మ పట్టుబట్టి, అందులో బియ్యం మూట, పసుపు పూసిన కొబ్బరికాయ పెట్టించి, పైన ఎర్ర గుడ్డ కట్టించింది.

కొరాపుట్ వైపు నుంచి రాయగడ మీదుగా హౌరాకి నేరుగా రైలుంది. ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం. వేళలు మారుతుంటాయి, చూసుకుని బయల్దేరండి. స్లీపర్‌లో నా పై బెర్తు గంపకిచ్చేసి, నేనూ మా ఆవిడ సత్యవతీ కింది బెర్తు మీద సర్దుకున్నాం. ముహూర్తం రోజుకే చేరే టికెట్టు తీయడం నా తప్పే. చింతపండు సీజన్లో ఒక్క రోజు ముందు కొట్టు మూయడానికి మనసొప్పలేదు. రైలు కాస్త ఆలస్యమై, హౌరాలో దిగేసరికి ఆరున్నర దాటింది. స్టేషన్ బయట ఏదో ఊరేగింపు. వంతెన మీద బళ్ళు కదలడం లేదు. నలుగురు టాక్సీ వాళ్ళని అడిగితే ముగ్గురు గంపని చూసి తల తిప్పేసుకున్నారు. నాలుగో ఆయన ముసలాయన, జాలిపడి, వంతెన మీద నుంచి వెళ్తే పెళ్ళి భోజనాలు కూడా అందవని, భూమి కింద రైలు ఎక్కి ఎస్‌ప్లనేడ్‌లో మారి కాళీఘాట్‌లో దిగమని హిందీలో చెప్పాడు. ఈలోగా అక్క ఫోను. నేను రాకపోతే వరసకి మావయ్య అయ్యే ఇంకొకరి చేత మోయించవచ్చని పంతులుగారు అంటున్నారట. నా ఒళ్ళు మండిపోయింది. ఎవరో వచ్చి మా పిల్లని ఎత్తడమేమిటి?

నేను అంతకు ముందెప్పుడూ మెట్రో ఎక్కలేదు. హౌరా మెట్రో స్టేషన్ రైల్వే స్టేషన్ పక్కనే, కానీ లోతుంది చూశారూ, కదిలే మెట్లు ఒక వరస దిగితే ఇంకొకటి. ఆఫీసులు వదిలిన వేళ కావడంతో జనం తోసుకుంటూ దిగుతున్నారు. టికెట్టు చవకే, ఇద్దరికీ కలిపి టీ టిఫిను ఖర్చు కూడా కాలేదు. సామాను తనిఖీ యంత్రం దగ్గరే వచ్చింది చిక్కు. గంప దాని నోట్లో పట్టలేదు. నిలువుగా పెట్టాం, వాలుగా పెట్టాం, పట్టలేదు. వెనక వరస పెరిగిపోయింది. కాపలా ఉన్న యూనిఫాం అమ్మాయి గంప పక్కకి లాగి గుడ్డ విప్పమంది. బియ్యం తీసింది, కొబ్బరికాయ తీసింది, ఆ తరవాత అడుగు నుంచి ఒక అడకత్తెర తీసింది.

నాకు తెలియకుండా అది అందులోకి ఎలా వచ్చిందో అర్థం కాలేదు. సత్యవతి మీద విరుచుకుపడ్డాను. ఆవిడ నెమ్మదిగా, "ఏటండీ ఆ కేకలు? ఇనపముక్క తోడు నేకండా పెళ్ళి గంప కదలకూడదని అత్త సెప్పేరు. మీకు సెప్తే తీసెయ్యమంటారని సెప్పలేదు" అంది. నిజమే, తీసెయ్యమనేవాడినే.

ఆ అమ్మాయి అడకత్తెర తిప్పి తిప్పి చూసింది. పెళ్ళా అని అడిగింది. అవునన్నాను, ఎనిమిదిన్నరకి ముహూర్తమన్నాను, నేను మేనమామనని గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించాను. ఆమె మొహం మెత్తబడింది. వాళ్ళ బెంగాలీల్లో పెళ్ళికొడుకు చేతిలో పట్టుకునేది ఇదేనట. గంప చేత్తో తడిమి చూసి పంపిస్తానంది, అడకత్తెర మాత్రం లోపలికి వెళ్ళదంది, రూలు రూలేనంది. నేను సరే అన్నాను. సత్యవతి కదలలేదు. ఇనుము లేకుండా గంప ముందుకి పోదని అక్కడే నిలబడిపోయింది. పెద్దలు చెప్పిన మాట దాటమంటే ఆవిడ ఇటు కొండ అటు పెట్టినా వినదు. ఏడు దాటిపోతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు ఆ అమ్మాయి తన భుజం దగ్గర పేరు బిళ్ళ వెనక నుంచి ఒక పిన్నీసు తీసింది. ఎర్ర గుడ్డ అంచుకి దాన్ని గుచ్చి, "ఇదీ ఇనుమే కదా అక్కా" అంది హిందీలో. సత్యవతి ఆ పిన్నీసుని ఒకసారి చూసి, కళ్ళకద్దుకుని, గంప ఎత్తింది. వెడల్పు గేటు తెరిపించి మమ్మల్ని పంపించారు. అడకత్తెర రేపు వచ్చి తీసుకెళ్ళమన్నారు.

రైలు హుగ్లీ నది కిందనుంచి పోతుంది. నది వచ్చిందని కిటికీ బయట నీలి దీపాలు వెలిగాయట, పక్కవాళ్ళు చూపించారు గానీ నేను గంపకి అడ్డంగా చేతులు చాపి జనాన్ని కాస్తూ నిలబడ్డాను. ఎస్‌ప్లనేడ్‌లో దిగి బోర్డులు చూసి పరుగెత్తాం. కాళీఘాట్ దక్షిణ కలకత్తాలో ఉందని లావణ్య చెప్పింది, ఎదురుగా దక్షిణేశ్వర్ అని బోర్డున్న రైలుంది, ఇంకేం అడుగుతాం? ఎక్కేశాం. తరవాత స్టేషన్ చాందినీ చౌక్ అని వినబడ్డాక పక్కన ఉన్న పెద్దాయన్ని అడిగితే, దక్షిణేశ్వర్ ఊరికి ఉత్తరాన ఉందన్నాడు. నెత్తి కొట్టుకుని దిగి, అవతలి ప్లాట్‌ఫారానికి చేరి, వెనక్కి ఎక్కాం. గంప ఒకరి తలకి తగిలింది, ఆయన తిట్టాడు, తిట్లు పడ్డాను.

కాళీఘాట్‌లో పైకొచ్చి ఆటోలో గంప పట్టక, నేను గంప నెత్తిన పెట్టుకుని కల్యాణమండపం దాకా నడిచాను, కాదు, పరుగెత్తాను. లోపల పంతులుగారు పెళ్ళికూతుర్ని తీసుకురమ్మని పిలుస్తున్నారు. లావణ్య గది గుమ్మంలో నిలబడి ఉంది. వరస మావయ్య ఒకాయన పువ్వుల గంప పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఆ పిల్ల ఆ గంప వైపు చూడను కూడా చూడలేదు. నన్ను చూసి వచ్చి, సత్యవతి గుడ్డ పక్కకి తీసి బియ్యం మూట దించగానే నా గంపలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక పక్క నేనూ, ఇంకో పక్క ఆ వరస మావయ్యా పట్టుకున్నాం, పాపం మంచివాడు. ఎత్తేశాం. నాలుగడుగులు వేశానో లేదో, తల వంచుకునే అడిగింది:

"ఎంత తూగేను మావయ్యా?"

కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. వెనకనుంచి సత్యవతి అందుకుంది: "బరువెక్కువే అమ్మి. ఇయ్యాల అల్లరంతా మీ మావయ్యదే."

మర్నాడు అడకత్తెర కోసం వెళ్తే ఆ అమ్మాయి డ్యూటీలో లేదు. ఇచ్చినవాళ్ళకి లడ్డూలు ఇచ్చి, ఆమె వంతు విడిగా కట్టి ఇచ్చి వచ్చాం. ఇన్నాళ్ళూ గంపలు అల్లిస్తున్నాను, దేని వెడల్పు దేనికి సరిపోతుందో నాకు తెలుసనుకునేవాడిని. ఆ రోజు ఆ పెద్ద ఊళ్ళో మా గంపకి దారి ఇచ్చింది ఆ పిన్నీసే. గంప ఇప్పుడు లావణ్య వాళ్ళింట్లో ఉంది, దాన్లో ఉల్లిపాయలు పోసుకుంటున్నారట. దానికి కట్టిన ఎర్ర గుడ్డా, పిన్నీసూ తీయలేదని చెప్పింది.

మీరూ ఇలాగే పెళ్ళి గంపతో మెట్రో ఎక్కవలసి వస్తే ఒక్కటే మాట: మూరన్నర కంటే వెడల్పు అల్లించకండి, ఇనుము పెట్టాలనుకుంటే ఇంటి దగ్గరే పిన్నీసు గుచ్చండి.