ఉప్పుటేటి ఇసుకలో గెనుసుగడ్డలు

యాభైలలో నేను మద్రాసులో ఒక తెలుగు దినపత్రికకు ధరవరలు రాసేవాణ్ణి. పొద్దున్నే జార్జి టౌన్ మండీలు తిరిగి, ఏ సరుకు ఎంత పలికిందో రాసుకోవడం నా పని. తట్టలో గెనుసుగడ్డలు, అంటే చిలగడదుంపలు, తెచ్చి అమ్మే ఒకావిడ అక్కడే పరిచయమైంది. భర్త లేడు. ఎన్నూరు దాటాక అరెకరం ఇసుక నేల ఉంది. ఆమె సరుకు ఏటా అందరి తరువాత, ధర పడిపోయాక వచ్చేది. ఎందుకని అడిగితే, తీగ తన చేతిలో లేదంది.

గెనుసుగడ్డకు తీగను ముక్కలు కోసి నాటాలి. ఎండాకాలంలో ఆ ఇసుకలో తీగ బతకదు. బావి ఉన్నవాడి మడిలోనే బతుకుతుంది. ఆ ఊళ్ళో బావి ఆమె బావది, అంటే భర్త అన్నది. తీగను అమ్మడం తప్పని అక్కడి ఆచారం. అడిగినవాళ్ళకు ఊరికే ఇవ్వాలి. వినడానికి బాగానే ఉంది. కాని తీసుకునేవాళ్ళు ముందు ఇచ్చేవాడి చేలో నాట్లు వేసి, కలుపు తీసి, ఆ తరువాతే తమ చేలోకి దిగాలి. అదీ ఆచారమే. మొదటి వాన పదునంతా ఆయన చేనికే పోయేది. పైగా అడగడానికి వెళ్ళినవాళ్ళు గట్టు మీద నిలబడాలి. ఆయన తలెత్తి చూసినప్పుడే మాట.

ఒక ఏడు గడ్డలు తవ్వే రోజుల్లో వ్యవసాయ ఉద్యోగి ఒకాయన వచ్చి కొత్త పద్ధతి చెప్పాడు. దెబ్బ తగలని చిన్న గడ్డలు ఏరి, కుండలో పొడి ఇసుక వరసల మధ్య పేర్చి, ఇంట్లో నీడపట్టున ఉంచాలి. వానలకు రెండు నెలల ముందు, మొలకెత్తిన గడ్డలను చిన్న మడిలో పాతి కుండతో నీళ్ళు పోస్తే, నాట్ల వేళకు తీగ సిద్ధం. ఊరంతా తలూపింది. కుండ పెట్టింది మాత్రం ఆమె ఒక్కతే. మిగతావాళ్ళకు బావిగలాయనకు కోపం వస్తుందని భయం.

ఆ తీరాన అసలు వానలు భాద్రపదం దాటాకే. ఆషాఢం చివర కుండ తెరిస్తే కుళ్ళు వాసన కొట్టింది. ఉద్యోగిది మెట్ట ప్రాంతం. ఆయనెరిగిన ఇసుక మంచినీటి వాగు ఇసుక. ఈమె తన చేలోది మట్టి కలిసిన ఇసుక అని, తెల్లగా శుభ్రంగా ఉందని ఉప్పుటేటి ఒడ్డున ఎత్తుకొచ్చింది. ఎండలో అది పొడిగానే కనిపించింది. ఇంట్లోకి చేరాక అందులోని ఉప్పు గాలిలోని చెమ్మనంతా లాగింది. ఆ ఏడూ గట్టు మీద నిలబడక తప్పలేదు. బావ రెండు రోజులు తిప్పుకున్నాడు.

"కుండలో దాచిపెడితివంట గదమ్మా. ఆ కుండనే పోయి అడుగు" అన్నాడట.

మరుసటేడు ఆమె అదే ఇసుకను మంచినీళ్ళతో కడిగింది. ఒక్కో కడుగుకూ చిటికెడు నాలుక మీద వేసుకుని, ఉప్పు తగలనిదాకా కడిగి ఆరబెట్టింది. ఈసారి గడ్డలు నిలిచాయి. మొదటి వానకే, బావకంటే ముందు, తన చేను నాటుకుంది. అది చూసి అయిదారిళ్ళవాళ్ళు ఇసుక కడగడం నేర్చుకున్నారు.

సంగతి తెలిసి నేను వార్త రాయడానికి వెళ్ళాను. రైతులు ఈ పద్ధతి ఎందుకు పట్టుకున్నారని అడిగితే, దిగుబడి చూసి, మా ప్రచారం విని, అన్నాడు ఉద్యోగి. ఆమెనూ అడిగాను.

"దిగుబడికి కాదు సార్. ఆ గట్టు మీద ఇంక నిలబడలేక."

రెండూ రాసుకున్నాను. బయల్దేరేటప్పుడు ఉద్యోగి నన్ను పక్కకు పిలిచి, మొదటేడు కుళ్ళిన సంగతి వద్దన్నాడు. జనం భయపడతారట, పద్ధతికి చెడ్డపేరట. ఎడిటరు నన్ను ఏదీ తీసెయ్యమనలేదు. కుళ్ళిన కుండ సంగతి వార్తలోంచి నేనే కొట్టేశాను. దాంతోపాటు కడిగిన ఇసుకా పోయింది. బావ సంగతి ఇంటి తగాదా, వార్త కాదని అదీ కొట్టేశాను. పొడి ఇసుక, రైతుల ఉత్సాహం, ఉద్యోగి కృషి మిగిలాయి. అచ్చయిన ఆ వార్త కత్తిరింపు పట్టుకుని ఆయన పై ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

పత్రిక ఉప్పుటేటి వెంబడి టీ కొట్లన్నిటికీ వెళ్ళింది. ఒకరు చదివితే పదిమంది విన్నారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో గడ్డలు తవ్వగానే కుండలు పెట్టారు. చేతికందిన తెల్లటి ఇసుకే పోశారు.

తరువాతి పంటకు ఆమె మండీకి అందరికంటే ముందు వచ్చింది. మంచి ధర పలికింది. సంతోషం చెప్పబోయాను. ఆమె గడ్డలకంటిన మట్టి దులుపుతూ, పక్క పల్లెల్లో కుండలన్నీ కుళ్ళిపోయాయని చెప్పింది. కుండలున్నాయి కదా అని ఈ ఏడు అక్కడ ఎవరూ మడిలో తీగ మిగుల్చుకోలేదట. తన మడిలో తీగ ఉన్నంతా ఇచ్చిందట. నాలుగిళ్ళకు కూడా చాలలేదు.

"ఆడ గట్టు మీద నిలబడను చోటు లేదు సార్. మీ పేపరు పుణ్యమా అని ఈ ఏడు మా బావకు కూలోళ్ళ కరువే లేదు" అంది.

తలెత్తకుండానే, "ఇసుక కడగండని ఒక్క ముక్క రాసుంటే ఏం పోయేది?" అంది.

నేను పుస్తకం తీసి ఆ రోజు గెనుసుగడ్డ ధర రాసుకున్నాను. అది మర్నాడు తప్పు లేకుండా అచ్చయింది.