లేని అక్కకు జ్వరం

ఆ రోజుల్లో సినిమాల్లో వేషం వేసిన ఆడపిల్లను చూడ్డానికి జనం ఎగబడేవారు గానీ, పాఠం చెప్పమని పిలిచేవారు కాదు. నేను రెండూ చేశాను. ఆనర్స్ చదివాక మద్రాసులో మూడేళ్ళపాటు, పెద్ద కంపెనీల అండ లేకుండా నలుగురు స్నేహితులు కలిసి సొంతంగా తీసిన మూడు చిత్రాల్లో నటించాను. (రెండు డబ్బాల్లోనే ఉండిపోయాయి. మూడోది విడుదలై, ఎవరూ గమనించేలోపే వెళ్ళిపోయింది.) ఇక చాలనుకుని కడపలో ఒక కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా చేరాను. దరఖాస్తులో ఆ మూడేళ్ళకూ ఎదురుగా "ఇంటి వద్ద" అని రాశాను.

చేరిన మూడో నెలలో, నేను పద్యం మధ్యలో ఉండగా కిటికీ అవతల తప్పెట మోగింది. ఊరి చివర డేరా హాలుకు కొత్త బొమ్మ వచ్చిందని చాటుతూ ఒక జట్కా పోతోంది. దాని పక్కకు కట్టిన అట్ట మీద నేను, జుట్టు విరబోసుకుని ఏడుస్తూ. తరగతంతా అట్టను చూసి, నన్ను చూసి, మళ్ళీ అట్టను చూసింది. కమలాపురం నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి (అందరూ రైలు పిల్ల అనేవాళ్ళు) మెల్లగా లేచి, "ఆ బండి మీద ఉండేది మీ యక్కనా మేడమ్?" అని అడిగింది. నా అంతట నాకు అంత మంచి అబద్ధం తోచేది కాదు. అవునన్నాను.

రెండు రోజుల్లో ఆ అక్క వార్త ప్రిన్సిపాల్ గారి ఇల్లు చేరింది. ఆయన భార్య, మేమంతా అమ్మగారు అని పిలిచే పెద్దావిడ, ఆ బొమ్మను మూడుసార్లు చూసి నాకు కబురు పెట్టారు. "మీ యక్క శానా బాగా ఏడుస్తాది. నిజంగా ఆ బిడ్డకు ఏం కష్టం లేదు గదా?" అన్నారు. లేదన్నాను. అయితే కాలేజీ వార్షికోత్సవానికి పిలిపించమన్నారు. కంగారులో అక్కకు జ్వరమన్నాను. వారం తర్వాత మళ్ళీ అడిగితే టైఫాయిడ్ అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మూడేళ్ళ నటన ఊరికే పోతుందా, కాస్త కళ్ళు కూడా తుడుచుకున్నాను.

ఆ శనివారం అమ్మగారింటికి వెళ్తే, మీ అక్క కోసమే గుడికి వెళ్ళారని వంటమనిషి చెప్పింది. పరుగున వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో నాలుగడుగులు వేయలేని మనిషి, కాలిపోతున్న బండల మీద ప్రదక్షిణలు చేస్తున్నారు. పదకొండు మొక్కుకున్నారట. అప్పటికి ఆరోది. పక్కనే నడుస్తూ చెప్పేశాను: అక్క లేదు, జ్వరమూ లేదు, బొమ్మలో ఏడ్చింది నేనేనని. ఆవిడ ఆగలేదు. ఆ చుట్టు పూర్తిచేసి, మంటపం నీడలో కూర్చుని, కాళ్ళు ఒత్తుకుంటూ నన్ను ఎగాదిగా చూశారు.

"మిగిలిన అయిదూ నువ్వు తిరుగు," అన్నారు.

తిరిగాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

సోమవారం ప్రిన్సిపాల్ గారు పిలిచేసరికి ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. (పెట్టె సర్దుకునే బయల్దేరాను.) ఆయన నా దరఖాస్తు ముందు పెట్టి, "ఇంటి వద్ద" కొట్టేసి నిజం రాయమన్నారు. రాశాను. "ఈ ముక్క ముందే రాసింటే మా ఇంటామెకు కాళ్ళు వాచేవి కాదు గదమ్మా," అని, "గంట కొట్టినారు, తరగతికి పో," అన్నారు.

తరగతిలోనూ ఒప్పుకున్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. రైలు పిల్ల మాత్రం లేచి, ఎంతో మర్యాదగా, "బొమ్మలో మీరు ఏడుస్తాంటే మాకు నవ్వొచ్చింది మేడమ్. ఈడ పద్యం చదివితేనే ఏడుపొస్తాది," అంది. నా నటన మీద వచ్చిన సమీక్ష అదొక్కటే.

ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు పాఠాలే చెప్పాను. ఉద్యోగం కోసం అంత బెదిరిపోయిన అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. ఆ కొన్ని వారాలూ ఊళ్ళో ఎవరెదురైనా మీ అక్కకెట్లుందని అడిగేవారు. అందరూ అడగడం మానేశాక, నిజం చెప్పొద్దూ, కొన్నాళ్ళు ఆ లేని అక్క మీద బెంగగా ఉండేది.