విరిగిన పాల తేట

మొన్నామధ్య వనపర్తిలో మందుల దుకాణంలో పనిచేసే మా మనవరాలు ఇంటికి వస్తూ మూడు చిన్న పొట్లాలు తెచ్చి నా ముందు పెట్టి, ఇవి వే ప్రోటీన్ పొడులు, ఏది మంచిదో రుచి చూసి చెప్పమంది. నా చెవికి అది వేప అనే వినపడింది. అవి నా యారాలి కోసం, అంటే మా మరిది భార్య కోసం అని తెలిసేసరికి, నిజం చెప్పుకోవాలి కదా, నాలో ఒక చిన్న సంబరం పుట్టింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో పది రోజులుండి ఎండుపుల్లలా మా ఇంటికే తిరిగొచ్చిన ఆమెకు ఇక రెండు పూటలా చేదు తాగే గతి పట్టింది అనుకున్నాను. పొట్లం విప్పితే కమ్మని పాల వాసన. చేదూ లేదు, పాడూ లేదు. నా సంబరం అక్కడే చల్లారింది.

ఈ కుళ్లు ఈనాటిది కాదు. నా ఈడు వాళ్లలో ఉమ్మడి కాపురం చేసినవాళ్లకు యారాలంటే ఏమిటో నేను విడమరచి చెప్పక్కరలేదు. పాన్‌గల్‌లో మా అత్తగారింటికి పెద్ద కోడలిగా వచ్చిన నేను గట్టి మనిషిని, తెల్లవారకముందే కడవలతో నీళ్లు మోసి, పేడ తీసి, ఆపైన పాలకేంద్రంలో ఊరందరి పాలూ కొలిచే కొలువుకు పోయేదాన్ని. నా వెనక వచ్చిన ఆమె సన్నగా, పాలిపోయి, చూసినవాళ్లంతా అయ్యో పాపం అనేటట్టు ఉండేది. ఎండాకాలం పాలు విరిగిన రోజున మా అత్త వాటిని పలుచని గుడ్డలో వడగట్టి, గడ్డకు బెల్లం కలిపి ఆమె ముందు పెట్టేది, కిందికి దిగిన లేత పసుపు తేట పారబోయడమెందుకని దాంట్లో ఇంత ఉప్పు వేసి, జొన్నరొట్టె విరిచి నాకు ఇచ్చేది. నాకెందుకు గడ్డ పెట్టవని ఒకే ఒక్కసారి అడిగాను.

"నువ్వు రాయిలెక్కున్నవ్, నీకేమైతది? దాన్ని తిననియ్యి," అంది అత్త.

ఆ తర్వాత మళ్లీ అడగలేదు గానీ, ఆమె గిన్నెలో వేలు తిప్పి చివరి బెల్లం నాకుతుంటే నా కడుపు భగభగ మండేది. ఒకనాడు పాలు విరిగాయని ఎవరికీ చెప్పకుండా మొత్తం కుడితిలో కుమ్మరించాను. బర్రె తాగింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో! ఆమెకు కాస్త ఒళ్లు వెచ్చబడితే ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరేవాళ్లు, నాకు కూడా ఒక్క జ్వరం రాకూడదా అనుకునేదాన్ని. ఆ పాడు ఒంటికి జలుబైనా చేసేది కాదు.

పాలలో ఎవరు ఎన్ని నీళ్లు కలిపారో నాలుక మీద చుక్క వేసుకుని చెప్పినదాన్ని కదా, అందుకే మనవరాలికి నా మీద అంత నమ్మకం. పొట్లాల మీది రాత తను చదివింది. మూడింటి మీదా అంతా సహజమే అని పెద్ద అక్షరాలున్నాయి, అసలు సంగతి మాత్రం వెనకాల సన్న అక్షరాల్లో ఉంటుందట, ఎక్కువ వేసిన సరుకును ముందు రాస్తారట. ఒకదాంట్లో పాల నుంచి తీసిన పొడి, కోకో, యాలకులు, అంతే. రెండోదాంట్లో పొడి వెనకే చక్కెర. మూడోదాంట్లో నోరు తిరగని పేర్లు వరసగా ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో మూడూ కలిపి చూశాను. మొదటిది మెల్లగా కరిగి, నురగ కట్టి, మింగాక గొంతు శుభ్రంగా ఉంచింది. రెండోది గ్లాసు అడుగున ఉండ కట్టింది, ఉత్త తీపి. మూడోదాని తీపి నోరు పుక్కిలించినా వదలలేదు. మంచిదేదో నా నాలుకకు తెలిసిపోయింది. అయినా నా వేలు రెండోదాని మీదికే పోయింది. ఈ వయసులో కూడా మేలిరకం ఆమెకే వెళ్లాలా అన్న ఓర్వలేనితనం తప్ప దానికి వేరే కారణం లేదు.

మనవరాలు సరేనని లేస్తుంటే, ఇంతకూ దేంతో చేస్తారే దీన్ని అని ఊరికే అడిగాను.

"పాలు విరిగితే తేట దిగుతది సూడవ్వా, గా నీళ్లల్ల ఉన్న సత్తువ దీసి ఎండబెట్టి గిట్ల పొడి జేస్తరు," అంది.

పారబోయలేక నాకిచ్చిన నీళ్లు! ఇన్నేళ్లు ఆమె గిన్నెలోకి చూసి ఏడ్చినదాన్ని, నా గిన్నెలో ఏముందో ఒక్కనాడూ చూసుకోలేదు. ఆ వెంటనే మళ్లీ కుళ్లు పుట్టింది. నాకు దక్కింది ఆ తేట ఒక్కటే, ఇప్పుడు అది కూడా డబ్బాకెక్కి ఆమె మంచం దగ్గరికే పోతున్నదే! కానీ ఈసారి నా మీద నాకే సిగ్గేసింది. నా నాలుక అబద్ధమాడిందని మనవరాలితో చెప్పి మొదటిదే తెమ్మన్నాను.

డబ్బా వచ్చిన రోజు నేనే కలిపి తీసుకుపోయి ఆమె చేతికిచ్చాను.

"తాగు. గిది నా పాలు," అన్నాను.

మా మాటలో పాలంటే పాలే, వాటా అన్నా పాలే. ఆ పొడి దేంతో చేస్తారో మనవరాలు ఆమెకూ చెప్పింది, అది ఏ పాలో ఆమెకు తెలియనిది కాదు. గ్లాసు నోటి దాకా తీసుకుపోయి ఆపింది.

"మరి నీ గ్లాసేది అక్కా?" అంది.

ఆ ఇంట్లో అంతకాలం బతికాను, ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పాలు విరగవు, ప్యాకెట్లో వచ్చి ఫ్రిజ్‌లో కూర్చుంటాయి. మనవరాలు వనపర్తిలో ఒక్క గదిలో ఉంటూ డబ్బాలోని చెంచాతో కొలుచుకుని, కలుపుకుని, ఒక్కతే తాగుతుంది. తన గ్లాసులోకి తొంగిచూసేవాళ్లు లేరు, ఎవరి గ్లాసులోకైనా చూసి కడుపు మండించుకునే అవసరం తనకు లేదు. అది సుఖమే కావచ్చు. నేను మాత్రం రోజూ రెండు గ్లాసులు కలుపుతున్నాను, ఆమె గ్లాసులో నురగ ఎక్కువ వచ్చిందేమోనని ఇప్పటికీ ఓరకంట చూస్తున్నాను. ఆమె కోలుకోవాలి. ఆనాటి ఇంటివాళ్లలో నాకు మిగిలింది ఆమె ఒక్కతే, ఆమె కూడా పోతే ఇక నేను ఎవరి గ్లాసు చూడాలి?