ఐసు కోటేసుకొని ఎత్తిన బోనం

ఎవ్వరం నవ్వం అంటేనే చెప్త. లేకుంటె చాయ్ తాగి మల్ల ప్యాకింగ్ సెక్షన్ల వడుదాం నడువుర్రి. నవ్వరు గదా? ఒట్టు? సరే, ఇనుర్రి. మొన్న మా అత్తగారి ఊళ్లె ఎల్లమ్మ పండుగైంది. ఎండ ఎట్లున్నదో మీకు చెప్పేదేమున్నది, అడుగు తీసి అడుగేస్తె కాళ్లు కాలుతున్నయ్. గసొంటి ఎండల నేను సలికి సావబోయిన!

జెరమొచ్చిందా అంటున్నవా స్వప్నా? జెరం కాదే తల్లీ. పైసలు పెట్టి కొనుక్కున్న సలి!

మర్రిగూడ దిక్కు మా ఊరు. నేను పెద్దకోడల్ని. మా ఇంటి బోనం నేనే ఎత్తాలె. పోయినేడు ఎత్తుకొని గుడికి పోతుంటె నడిమిట్లనే కండ్లు తిరిగినయి. మా మరిది పెండ్లాం మంజుల ఎనక నుంచి కుండ పట్టుకున్నది గాబట్టి సరిపోయింది, లేకుంటె సీసీ రోడ్డు మీద పలిగి పెంకాసులైపోతుండె. బోనం కింద పడితె ఇంటికి మంచిది కాదని మా అత్తమ్మకు శానా పట్టింపు. ఇగ అప్పటిసంది ఏడాదంత ఒకటే మాట. "ఏసీల పని జేసేటోళ్లకు ఎండల నడుసుడు యాడ చేతనైతది బిడ్డా. ఈసారి మంజుల ఎత్తుకుంటది తియ్యి." కోపంగ అనదు, మెల్లగనే అంటది. గా మెల్లగ అనుడుకే నాకు ఒళ్లు మండుతది.

"నేనే ఎత్తుత అత్తమ్మా! ఈసారి పడబోయిందంటె మల్ల జిందగీల బోనం ముట్ట" అని రోషానికి అనేసిన. అన్నంక మొదలైంది నాకు దడ. ఎండల నిలవడుడెట్ల?

మా ఆయన ఫోన్ ముందటేసుకొని కూసున్నడు. ఒంటికేసుకునే సల్లటి సామాన్లు మస్తుగ ఉన్నయంట బజార్ల. మొదలు మెడల ఏసుకునే ఫ్యాను సూపెట్టిండు. "గిదే మంచిగున్నది, మంగాయించు" అన్న. "పిచ్చిదానా, గాలి పైకి కొడ్తది. బోనం మీద దీపం ఆరదా?" అన్నడు. ఒక్కొక్కసారి మా ఆయనకు గూడ తెలివి పని చేస్తది! రెండోది, నీళ్లల్ల ముంచి మెడకేసుకునే తువ్వాల. పట్టుచీర మీద తడి తువ్వాలేంది, అప్పుడే తానం చేసి ఉరికొచ్చినట్టు? వద్దన్న. మూడోది ఐసు కోటు. చేతులు లేకుంట బనీను లెక్క ఉన్నది, సుట్టు జేబులు. ఫ్రిజ్జుల గడ్డ కట్టిచ్చిన ప్యాకెట్లు గా జేబులల్ల పెట్టుకోవాలె. కొంగు నిండుగ కప్పుకుంటె ఎవ్వరికి కనవడది. ఇగ సోంచాయించేదేమున్నది, గదే తెప్పిచ్చినం.

పండుగ నాడు నేను తయారైతుంటె మా ఆయన కోటుతోని వచ్చిన కాయితం సదువుతున్నడు. "లోపట మందం బట్ట ఏసుకోవాల్నంట. రెండే ప్యాకెట్లు సాలంట." నేనింటనా? రెండు పెడితె గుడిదాక ఆగుతయా అని ఉన్న జేబులన్ని నింపిన. పల్చటి జాకెట్ మీదనే తొడిగి బెల్టులు బిర్రుగ గుంజిన. పైన పట్టుచీర. మంజుల సూసి, "ఏందక్కా, రాత్రికి రాత్రే గింత లావైనవ్?" అన్నది. "పట్టుచీర గట్లనే లేసి నిలవడ్తది లే" అన్న.

బోనమెత్తిన. అబ్బబ్బ, ఏం సుఖమే! సుట్టున్నోళ్లు చెమటలు తుడుసుకుంట నడుస్తున్నరు. నేనేమొ పెండ్లికూతురు లెక్క ముసిముసి నవ్వుకుంట పోతున్న. అత్తమ్మ దిక్కు ఒకసారి గర్వంగ సూసిన గూడ.

మా దిక్కు ఇంటింటి ముంగట బోనమోళ్ల కాళ్ల మీద బిందెలతోని నీళ్లు పోస్తరు గదా. మొదటి ఇంటికాడ పోస్తె మంచిగనే అనిపిచ్చింది. రెండో ఇంటికాడ ఒళ్లు జల్లుమన్నది. ఇంకో రెండిండ్లు దాటంగనే మొదలైంది సూడుర్రి వణుకుడు! ముందుగాల భుజాలు, తర్వాత గదుమ. పండ్లు టకటక టకటక. నెత్తి మీద కుండ ఊగుతున్నది, దీపం ఊగుతున్నది.

ఎవరో ముసలామె గట్టిగ ఒర్రింది. "తల్లొచ్చిందే! పెద్దకోడలి మీదికి ఎల్లమ్మ తల్లొచ్చింది!"

ఇంకేమున్నది! డప్పులోళ్లు నా సుట్టు మూగి దంచుడు షురూ చేసిండ్రు. "తల్లి మంట మీదున్నది, సల్లబరుసుర్రి" అని ఒకామె పసుపు నీళ్లు తెచ్చి నా ఈపు మీద గుమ్మరిచ్చింది. ఎనుక ఇంకో బిందె. "వద్దు, ఐసు, ఐసు" అని మొత్తుకుందామంటె దవుడలు కలుస్తలేవు! మా ఆయన దిక్కు సూసిన, ఆయన దండం పెట్టుకొని నిలవడ్డడు. నువ్వే గదయ్యా ప్యాకెట్లు గడ్డ కట్టిచ్చింది!

ఇగ నవ్వులాట పోయింది. చేతులు తిమ్మిరెక్కినయి. కుండ ఒక పక్కకు ఒరుగుతున్నది, పట్టు దొరుకుతలేదు. అయిపోయింది, పడ్డది, జిందగీ అంత అత్తమ్మ మెల్లగ అనే మాటలు పడాలె అనుకున్న. ఏడుపాగలే. కండ్లల్ల నీళ్లు సూసి, "తల్లి అలిగింది" అన్నరు!

గప్పుడు అయింది అసలు ముచ్చట. మా అత్తమ్మ మందిని తోసుకుంట ఉరికొచ్చింది. మోకాళ్ల మీద కూలవడి నా రెండు కాళ్లు కావలిచ్చుకున్నది. "శాంతించు తల్లీ! శాంతించు!" అని.

నిజం చెప్తున్న, సగం సలి గక్కడనే పోయింది. పెండ్లైనకాడికెళ్లి నా పప్పుచారుకు వంక పెట్టే అత్తమ్మ, ఊరందరి ముంగట నా కాళ్ల మీద! నడుము నిటారుగ అయింది. కాళ్లు కుదురుకున్నయి, కుండ గూడ కుదురుకున్నది. గుడిదాక అత్తమ్మ నా నడుము మీద చెయ్యేసి, మంజులను ఎనుక పెట్టి, భక్తితోని నడిపిచ్చుకపోయింది. బోనం సల్లగ తల్లి ముంగటికి చేరింది.

ఇంటికొచ్చి కోటు ఇప్పి రెండు దుప్పట్లు కప్పుకొని పండుకున్న. ఎండకాలం, రెండు దుప్పట్లు! అత్తమ్మ మిరియాల కషాయం తెచ్చిచ్చింది. నేను జర పెద్దరికంగ, "నువ్వు నా కాళ్లు మొక్కుడేంది అత్తమ్మా, నాకెట్లనో అనిపిచ్చింది" అన్న.

"మొక్కుడా?" అన్నది. "తల్లొచ్చి శిగమూగేటోళ్లను సిన్నప్పటిసంది సూస్తలేనా? పండ్లు టకటకలాడేది సలికేనని నాకెరుక లేదా? కుండ పడగొడ్తవని కాళ్లు కదలకుంట గట్టిగ పట్టుకున్న. మంది ముంగట ఊకెనే పట్టుకుంటె బాగుండదని 'తల్లీ' అన్న. తాగు, సల్లారుతది."

గప్పటిదాక నేను దుప్పట్లల్ల పండుకొని, అత్తమ్మకు ఏం వరమియ్యాల్నా అని సోంచాయిస్తున్న!