ఒక్క గదికా, ఇల్లంతటికా

నా బిడ్డకు చెమట పట్టదు. ఈ మాట చెబితే ముందు అందరూ నవ్వుతారు, అదృష్టవంతురాలంటారు. మేమూ అలా మురిసినవాళ్లమే. మొదటి ఎండాకాలంలో వాడకట్టు పిల్లలందరికీ ఒళ్లంతా చెమటకాయలు పేలితే మా పిల్ల ఒళ్లు మాత్రం నున్నగా ఉండేది. దిష్టి తగులుతుందని మా అమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. రెండో ఎండాకాలం జ్వరం వచ్చి ఏ మందుకూ దిగకపోతే పట్నం దవాఖానకు ఎత్తుకుపోయాం. అక్కడి పిల్లల డాక్టరు దాని పలచటి వెంట్రుకలు చూశాడు, నోరు తెరిపించి మొనదేలిన రెండు పళ్లు చూశాడు. "ఈ పాపకు చెమట పడుతుందా అమ్మా?" అని అడిగాడు. రెండేళ్లు చంకనేసుకుని తిరిగిన బిడ్డ గురించి ఆ ఒక్క సంగతీ మాకు తెలియదు.

పుట్టుకతోనే చెమట గ్రంథులు లేవన్నాడు. దీనికి మందు లేదు, ఒళ్లు వేడెక్కకుండా చూసుకోవడమే అన్నాడు. నల్లగొండ జిల్లా మనిషికి చెప్పే మాటేనా అది? జిల్లా పేరు మారి ఇన్నేళ్లయినా నా నోటికి నల్లగొండ అనే వస్తుంది. శివరాత్రికి శివశివా అని చలి పోయిందంటే మళ్లీ మిరుగు కార్తె వానలు పడేదాకా మా దగ్గర గోడలు కూడా కాలుతుంటాయి.

మాది పోచంపల్లి, నేతపని ఇల్లు. ముందు హాల్లో గుంట మగ్గం, వెనక వంటగది, పక్కన ఒక చిన్న గది. మా ఆయన నేస్తాడు. నేను నూలుకు చిటికీలు కడతాను, అంటే రంగు అంటకూడని చోట దారం బిగించి చుడతాను. పొద్దున తలుపులు తెరిస్తే పడుకునేటప్పుడే మూసేది. ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉండేవారు. నాలుగేళ్లు నిండేదాకా పిల్లను తడి అంగీతోనూ కూలర్‌తోనూ నెట్టుకొచ్చాం. ఆ కూలర్ మా పాలిట దేవుడు. పట్టు పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా బిగించిన పోగులు, పొడిగాలికి ఓర్వదు, పుటుక్కున తెగిపోతుంది. అందుకే ఎండాకాలం నేతగాళ్లు మగ్గం చుట్టూ నేల తడుపుతారు, తడిబట్టలు వేలాడదీస్తారు. కూలర్ గడ్డిలోంచి వచ్చే తేమగాలి పిల్లకూ మంచిదే, పడుగుకూ మంచిదే.

ఐదో ఏడు రోహిణి కార్తెలో ఆ దేవుడూ చేతులెత్తేశాడు. మగ్గం పక్కన కూర్చుని తండ్రికి రంగు దారం చుట్టిన కండెలు అందిస్తున్న పిల్ల అలాగే పక్కకు ఒరిగి, కాళ్లూ చేతులూ కొట్టుకుంది. ఈసారి డాక్టరు మెత్తగా చెప్పలేదు. "ఏసీ లేకుండా ఇంకో ఎండాకాలం దాటించాలని చూడకండి" అన్నాడు.

మరుసటేడు శివరాత్రి దాటగానే చిట్యాల నుంచి ఏసీలు బిగించే మనిషి వచ్చి ఇల్లంతా కొలిచాడు.

"రెండు తీర్లున్నయక్కా. ఒకటి, గీ చిన్న అర్రల గోడకు డబ్బా పెడత, దాని జోడు మిషిన్ డాబా మీద ఉంటది. గీ అర్ర ఒక్కటే సల్లగైతది. రెండోది, పెద్ద మిషిన్ ఒక్కటే పెట్టి, సీలింగ్ కింద పెద్ద గొట్టాలేసి, హాలుకు, వంటింటికి, అర్రకు అన్నిటికీ గాలి పంపుడు. అది బంగ్లలకు పెడతరు. మూడు అర్రల ఇంటికి ఎవరు పెడతరక్కా?"

"మేం పెడతం" అన్నాను.

ఆ మనిషి పోయాక మా ఆయన నోరు విప్పాడు.

"హాల్ల ఏసీ పొడిగాలి కొడితే పడుగు ఒక్క దినం ఆగదే. అర్ర ఒక్కదానికే పెట్టిద్దాం. పిల్ల అండ్లనే ఉంటది. దాని ఆట సామాన్లు అన్నీ అండ్లనే పెడదం."

"నాలుగు నెలలు అండ్లనే ఉంటదా? నువ్వుంటవా? ఒక్క దినం తలుపేసుకొని ఉండి సూపెట్టు, నేను మళ్ల మాట్లాడ."

"మగ్గం ఆగితే ముగ్గురం ఏం తింటమే?"

"మన్ను తింటం" అన్నాను.

ఆయన మాటలో న్యాయం లేదా అంటే ఉంది. నాకు తెలుసు, తెలిసే అరిచాను. కానీ పిల్లకు లోకమంటే ఆ మగ్గం పక్కన మూరెడు జాగా. అక్కడ కూర్చుని ఎర్రది ఎప్పుడివ్వాలో నల్లది ఎప్పుడివ్వాలో తనే చెప్పేది. దాన్ని తీసుకుపోయి గదిలో పెట్టి తలుపు వేయడం నా చేత కాదు. మూడు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. నాలుగో రోజు అన్నం ముందు కూర్చుని "నీ ఇష్టం" అన్నాడు. ఆ రెండు మాటలకు నేను గెలిచానని సంబరపడ్డాను, బుద్ధిలేనిదాన్ని. పైసలు ఎట్లా తెచ్చామన్నది వేరే కథ, ఇక్కడ రాయను.

వెండి రంగు గొట్టాలు వచ్చాయి, వాటిని కప్పుతూ కొత్త సీలింగ్ వచ్చింది. ప్రతి గదిలో చల్లగాలి వదిలే కిటికీలాంటిది ఒకటి, హాలు గోడకు మాత్రం ఇంటిగాలిని తిరిగి లోపలికి గుంజుకునే పెద్ద జాలీ ఒకటి. తలుపులు మూసే ఉంచాలని, కిటికీ సందులు కూడా పూడ్చాలని బిగించిన మనిషి చెప్పాడు. సందులన్నీ నేనే దగ్గరుండి పూడ్పించాను. వచ్చేపోయేవాళ్లు తలుపు కొట్టి రావాల్సి వచ్చేసరికి నాలుగు రోజుల్లో రావడమే మానేశారు. పోతే పోనీ అనుకున్నాను. పిల్ల వంటగది నుంచి హాలుకు, హాలు నుంచి గదికి పరుగులు తీసింది. ఎండాకాలంలో దాన్ని అలా చూడటం అదే మొదలు. ఎండ గురించి మరిచిపోయి ఒక వారం బతికాను.

రెండో వారం నుంచి పడుగు తెగడం మొదలైంది. పోగులు దూరే అచ్చుకు ఇవతల ఒకటి అతికితే అవతల రెండు తెగేవి. నేల తడిపితే గడియలో ఆరేది, తడిబట్టలు కడితే అప్పడాల్లా ఎండేవి. మా ఆయన పొద్దంతా వంగి పోగులు అతికేవాడు. చిటికీ అద్దకంలో ఒక పోగు జరిగితే పువ్వే వంకరపోతుంది, అతికి లాభం లేదని ఇద్దరికీ తెలుసు. తిట్టినా బాగుండేది. కక్కలేక మింగలేక నేను వంటగదిలో గిన్నెలు చప్పుడు చేసేదాన్ని.

ఆ రోజు ఆయన పొద్దున కాసేపు నేసి, బువ్వ తిని, చేనేత సొసైటీకి పట్టు తేవడానికి పోయాడు. నేను పిల్లను పక్కలో వేసుకుని గదిలో కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి నా మెడ కింద తడిగా ఉంది. రవిక వీపుకు అంటుకుపోయింది. నాకు చెమట పట్టింది! అర్థమయ్యేలోపే చెయ్యి పిల్ల మీద పడింది. పొడిగా, కాలిన పెంకులా ఉంది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, పిలిస్తే పలకలేదు. పైన మిషన్ చప్పుడు మాత్రం వస్తూనే ఉంది.

నల్లా తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్లు సలసల కాగుతూ వచ్చాయి. నూలు నానబెట్టిన గంగాళం ఒకటి వంటగది మూలన ఉంది. నూలుతో పాటే పిల్లను అందులో కూర్చోబెట్టి తల మీద పోస్తూ అరిచాను. ఎంత అరిచానో నాకే తెలియదు. ఎవరూ రాలేదు. మునుపటి ఇల్లయితే సగం వాడకట్టు లోపలికి వచ్చి పడేది. అన్ని సందులూ పూడ్చిన ఇంట్లోంచి నా గొంతు ఎవరికి వినిపిస్తుంది? తడి పిల్లను భుజాన వేసుకుని, గడియ తీసి వీధిలో పడ్డాకే మనుషులు ఉరికొచ్చారు, ఆటో వచ్చింది.

మూడు రోజులు పిల్ల కళ్లు తెరవలేదు. దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని మా ఆయన చెప్పాడు.

"నేనే కప్పిన. సొసైటీకి పోయేముందు గాలి గుంజుకునే జాలీ మీద తడి దుప్పటి కప్పిన. కూలర్‌కు గడ్డి ఉన్నట్టు, తడిల నుంచి పోతే గాలికి జర తేమ వస్తదనుకున్న. పిల్లకు సల్లగుంటది, పడుగూ ఆగుతది అనుకున్న."

నేతగాడు కాబట్టి వచ్చిన ఆలోచన అది. ఇంకెవరికీ రాదు. గాలి ఆడక లోపల మంచు గడ్డ కట్టిందని, గడ్డ కట్టాక చల్లదనం బయటికి రాదని బిగించిన మనిషి తర్వాత చెప్పాడు. నా బిడ్డ కాలిపోతుంటే దాని నెత్తి మీద మంచు పేరుకుంటూ ఉంది. ఆయన చొక్కా పట్టుకుని గుంజి, ఇంకో చేత్తో కొట్టబోయాను. ఆయన అడ్డుకోలేదు. నా చెయ్యే లేవలేదు. దుప్పటి కప్పింది ఆయన, దాన్ని కప్పే దాకా తెచ్చింది నేను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఈ పాపం ఎవరి వంతు ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. ఆయనను మన్నించలేదు. నన్నూ మన్నించుకోలేదు.

పిల్ల బతికింది. ఇంటికి తెచ్చే ముందు చిట్యాల మనిషిని నేనే పిలిపించాను.

"అర్ర ఒక్కదానికే పెట్టు" అన్నాను.

"ముందే చెప్పిన గదక్కా" అనబోయి, టేపు తీసి గది గోడ కొలవసాగాడు.

ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. మాఘం పోయిందంటే దాని బడి పుస్తకాలు, కంచం, పక్క అన్నీ ఆ గదిలోకి మారతాయి. హాలు తలుపులు మళ్లీ తెరిచాం, మనుషులు వస్తున్నారు, మగ్గం ఆడుతోంది. మొదటి రెండేళ్లు తలుపు వేయబోతే ఏడ్చేది, నా కొంగు పట్టుకుని వేలాడేది. దాన్ని ఊడబెరుక్కుని బయటికి వచ్చి వంటగదిలో నేనూ ఏడ్చేదాన్ని.

మొన్న మధ్యాహ్నం కంచం అందించి, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, దానికి ఏదో చెబుతున్నాను. అది వినడం లేదు. నా వెనక తెరిచి ఉన్న తలుపు వైపే చూస్తోంది.

"అమ్మా, ఉంటే లోపలుండు, లేకుంటే బయటుండు. తలుపు తెరిచి పెట్టకు, సల్లగాలంత పోతది."

పొయ్యి మీద కూర ఉడుకుతోంది. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. అది లేచి వచ్చి తలుపు వేసుకుంది.